బధిర దంపతుల ఇంట వినగలిగే పిల్లవాడు: సైగలు మాన్పించాలా?

ప్రశ్న (వరంగల్ నుంచి ఒక మేనత్త)

మా తమ్ముడికీ మరదలికీ పుట్టుకతోనే వినికిడి లేదు. వారి అబ్బాయికి ఆరేళ్లు. వాడు చక్కగా వింటాడు, ఇంట్లో చేతులతోనూ బయట నోటితోనూ మాట్లాడతాడు. సైగల మధ్య పెరిగితే వాడి మాట ముద్దగా తయారవుతుందని, అందువల్ల వాడిని మా ఇంట ఉంచి చదివించాలని మా అమ్మ పట్టుబడుతోంది. అటువంటి ఇళ్లలో పెరిగినవారు ఎవరైనా ఉంటే సలహా చెప్పగలరా?

జవాబు (సికింద్రాబాద్ నుంచి)

నేను అటువంటి ఇంట్లో పెరిగినవాడినేనండీ. నా ఏడుపు వినబడదు కనుక, కాలు కదిలితే మెలకువ వస్తుందని అమ్మ రాత్రిపూట తన కొంగును నా కాలికి ముడివేసుకుని పడుకునేదట. అమ్మమ్మ, ఇరుగుపొరుగువారు, ఆ తరువాత బడి నాకు తెలుగు నేర్పారు. సైగలు దానికి ఎన్నడూ అడ్డుపడలేదు. భారతీయ సంజ్ఞా భాషలోనూ క్రియ చివరకే వస్తుంది, ‘ఎక్కడ’, ‘ఏమిటి’ వంటి ప్రశ్నపదాలు వాక్యాంతంలో నిలుస్తాయి, కనుక దానిని ఉత్త చేతులు తిప్పడంగా మీ అమ్మగారు భావించనక్కరలేదు.

నన్ను కుంగదీసింది దుబాసీ పని. నాకు పదేళ్లప్పుడు నాన్న అప్పు కోసం ఒక బ్యాంకుకు వెళితే, అక్కడి అధికారి ఆయన ముఖమైనా చూడకుండా ‘కుదరదని మీ నాన్నకు చెప్పు’ అని నాతో అన్నారు. ఆ మాట చెప్పడానికి నాకు చేతులు ఆడలేదు. ‘రేపు రమ్మన్నారు’ అని చెప్పాను. అలా మూడు రోజులు తిరిగాం. నాలుగో రోజు నాన్న కాగితం మీద రాసి అడిగి అసలు సంగతి తెలుసుకున్నారు. నన్ను కోప్పడలేదు కానీ, మళ్లీ బ్యాంకుకు తీసుకెళ్లలేదు. పిల్లవాడిని తల్లిదండ్రుల దగ్గరే ఉంచండి. ఆసుపత్రికీ బ్యాంకుకూ వాడికి బదులు మీరు వెళ్లండి.

జవాబు (స్పీచ్ థెరపిస్టు)

పై జవాబుతో ఏకీభవిస్తాను, అయితే టీవీ పెట్టి వదిలేస్తే మాట వస్తుందని మాత్రం అనుకోకండి. 1981లో ప్రచురితమైన ఒక అమెరికా అధ్యయనంలో, బధిర దంపతుల కొడుకొకడు ఇంగ్లీషును ఎక్కువగా టీవీలోనే విన్నాడు, తల్లిదండ్రులు వాడితో సైగలు కూడా చేయలేదు. ఫలితంగా వాడి వాక్యాల కూర్పు వింతగా తయారైంది. పెద్దవారు ఎదురుగా కూర్చుని మాట్లాడసాగాక త్వరగానే కోలుకున్నాడు. బదులు పలికే మనిషి కావాలి, అంతే. ఆ పని మీ అమ్మగారు రోజూ సాయంత్రం కబుర్లు చెబుతూ చేయవచ్చు.

ప్రశ్న అడిగినవారు

అమ్మకు చదివి వినిపించాను. కొంగు ముడి దగ్గర ఏమీ అనలేదు కానీ, ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు. మొన్న కరెంటు ఆఫీసుకు మేము కూడా వాడినే తోడిచ్చి పంపామని ఇప్పుడు గుర్తుకు వస్తోంది. వాడికి బదులు నేను వెళ్లాలంటే, సొంత తమ్ముడితో మాట్లాడటానికి నాకు ఇరవై సైగలైనా రావు. ఎక్కడ నేర్చుకోవాలి?

జవాబు (సికింద్రాబాద్ నుంచి)

ఢిల్లీలోని భారతీయ సంజ్ఞా భాషా పరిశోధన, శిక్షణ కేంద్రం 2021 నాటికి 10,000 పదాలకు పెంచిన నిఘంటువు వీడియోలు యూట్యూబ్‌లో దొరుకుతాయి. అయితే మీ తమ్ముడి ఇంట్లో వాడే సైగలు కొన్ని వేరుగా ఉండవచ్చు, కనుక ముందు మీ మరదలి దగ్గర కూర్చుని, వంటింటి వస్తువులతో మొదలుపెట్టండి.