పీఎన్‌గేజ్ వేశాక 0.984 పెరిగితే అక్కడ చక్కెర ఉన్నట్టేనా?

ల్యాబ్_పిల్ల:
ఎంసీఎఫ్-7, ఎండీఏ-ఎంబీ-231 రొమ్ము క్యాన్సర్ కణాల పొర ప్రోటీన్లను ట్రిప్సిన్ ఎంజైమ్‌తో కోసి, చక్కెర గొలుసులున్న పెప్టైడ్లను (ప్రోటీన్ ముక్కల్ని) హిలిక్ అనే చక్కెరను పట్టుకునే పదార్థం మీద పట్టి, గొలుసు ఊడగొట్టే ఎంజైమ్ పీఎన్‌గేజ్-ఎఫ్ వేశాను. గొలుసు ఊడితే అది తగులుకుని ఉన్న ఆస్పరజిన్ అనే అమైనో ఆమ్లం ఆస్పార్టిక్ ఆమ్లమై, మాస్ స్పెక్ మెషీన్‌లో బరువు 0.984 డాల్టన్లు పెరగాలి. పెరిగింది. కానీ చాలా చోట్ల గొలుసు తగులుకోవడానికి కావలసిన ఎన్-ఎక్స్-ఎస్/టీ వరుసే (ఆస్పరజిన్, ప్రోలిన్ కాని ఏదో ఒకటి, ఆపైన సెరీన్ లేదా త్రియోనిన్) లేదు! పైగా జాబితాలో అందరికంటే పైన ఆవు ప్రోటీన్ ఫెటుయిన్ కూర్చుంది. సోమవారం గైడ్‌కి చూపించాలి, ఒకటే టెన్షన్.

మాస్‌స్పెక్_అక్క:
అమ్మాయ్, మెషీన్ తప్పేం లేదు. ఆస్పరజిన్ చక్కెర లేకపోయినా తనంతట తానే అలా మారుతుంది. పీహెచ్ 8లో, 37 డిగ్రీల దగ్గర రాత్రంతా ఉంచితే మరీను, పక్కన గ్లైసిన్ ఉంటే ఇక చెప్పక్కర్లేదు. వరుస లేనివన్నీ ముందు తీసెయ్. వరుస ఉంది కదా అని మిగతావాటినీ నమ్మకు. ఈసారి పీఎన్‌గేజ్‌ను బరువైన ఆక్సిజన్-18 ఉన్న నీళ్ళలో వెయ్యి. అప్పుడు గొలుసు ఊడిన చోట 2.988 పెరుగుతుంది, అంతకుముందే మారినవి 0.984 దగ్గరే ఆగిపోతాయి. బఫర్ కూడా ఆ నీళ్ళతోనే కలుపు. ట్రిప్సిన్ మిగిలుంటే పెప్టైడ్ చివర కూడా ఆక్సిజన్-18 ఎక్కించి లెక్కంతా పాడుచేస్తుంది, దాన్ని ముందే వదిలించుకో.

ఫెటుయిన్ నువ్వు కణాలకు పోసిన ఆవు సీరమ్‌లోది. పీబీఎస్ ఉప్పు బఫర్‌తో ఇంకా బాగా కడుగు. డేటాబేస్‌లో ఆవు ప్రోటీన్లనూ పెట్టి వెతుకు, లేకపోతే అవి మనిషివిగా చలామణీ అయిపోతాయి.

గ్లైకో_బాబాయ్:
అక్క చెప్పింది నిజమే గానీ, గొలుసు ఊడగొట్టాక అది ఏ గొలుసో ఎలా తెలుస్తుంది? క్యాన్సర్‌లో మారేది అదే కదా! కొంత శాంపిల్ ఊడగొట్టకుండా రన్ చెయ్యమ్మా. 204.087, 366.140 దగ్గర చక్కెర ముక్కల పీకులు కనిపిస్తే చక్కెర ఉన్నట్టే. సాఫ్ట్‌వేర్ గొలుసులో రెండు ఫ్యూకోజ్‌లు (ఒక రకం చక్కెర) అని రాస్తే మాత్రం ఆగు. అవి రెండూ కలిసి 292.116, ఒక సియాలిక్ ఆమ్లం (ఇంకో రకం చక్కెర) 291.095. ఐసోటోప్ పీకు (సుమారు ఒక డాల్టన్ తేడా) ఒకటి పక్కకి పడితే చాలు, సియాలిక్ ఆమ్లాన్ని రెండు ఫ్యూకోజ్‌లుగా రాసేస్తుంది. సియాలిక్ ఆమ్లం పీకు 274.092 ఉందేమో నీ కళ్ళతో చూసుకో. రొమ్ము క్యాన్సర్ రక్త పరీక్ష సీఏ 15-3లో కొలిచే మ్యూక్-1 ప్రోటీన్ సంగతి వేరు. దాని చక్కెర ఎక్కువగా సెరీన్, త్రియోనిన్ల మీదే ఉంటుంది, పీఎన్‌గేజ్ వాటి జోలికి పోదు.

ల్యాబ్_పిల్ల:
థాంక్యూ అక్కా, బాబాయ్! ఎంజైమ్ వెయ్యని పెప్టైడ్లు మైనస్ 80లో కొంచెం ఉన్నాయి. వాటితో ఎంజైమ్ లేని కంట్రోల్ (పోల్చి చూసే శాంపిల్) పెట్టనా, బాబాయ్ చెప్పింది చెయ్యనా?

మాస్‌స్పెక్_అక్క:
సోమవారానికైతే కంట్రోలే. ఎంజైమ్ బదులు బఫర్ పోసి, మిగతాదంతా అంతే వేడి, అంతే సేపు. అందులోనూ 0.984 వచ్చిన చోట్లను జాబితాలోంచి కొట్టెయ్.