చిన్న ఎయిర్‌పోర్టు సొంత కాళ్ల మీద నిలబడేదాకా డబ్బు ఎవరు పెట్టాలి?

గాలిమేడ:
ప్రాంతీయ విమానాశ్రయాలను ప్రభుత్వ శాఖ నుంచి విడదీసి సొంత బోర్డు, సొంత ఖాతాలు ఉన్న సంస్థలుగా మార్చాలని చాలా దేశాల్లో అంటున్నారు. సరే, కానీ ఏడాదికి రెండు లక్షల మంది కూడా ఎక్కి దిగని చోట ల్యాండింగ్ ఫీజు, పార్కింగ్, నాలుగు షాపుల అద్దె కలిపినా జీతాలకు సరిపోతాయా? మొదటి కొన్నేళ్లు అప్పుతో నెట్టుకురావాలా, గ్రాంటు ఇవ్వాలా, టికెట్ మీద ఫీజు వేయాలా?

లెక్కలమాస్టారు:
అప్పు మాత్రం వద్దు. ఇక్కడ ఖర్చు జనాన్ని బట్టి పెరగదు, తగ్గదు. ఫైర్ సర్వీసు ఏ స్థాయిలో ఉండాలన్నది దిగే విమానం సైజును బట్టి ఉంటుంది, అందులో ఎంతమంది కూర్చున్నారో ఎవరికీ పట్టదు. భద్రతా తనిఖీ, రన్‌వే లైట్లు కూడా అంతే. రోజువారీ నష్టాన్ని అప్పుతో పూడిస్తే వడ్డీ కూడా నష్టంలో చేరుతుంది.

యూరోపియన్ యూనియన్ 2014లో దీనికి రూల్స్ పెట్టింది. ఏడాదికి 30 లక్షల లోపు ప్రయాణికులున్న విమానాశ్రయాలకు పదేళ్లు నిర్వహణ సాయం ఇవ్వచ్చు, కానీ గడువు అయ్యేసరికి సొంత ఆదాయంతో ఖర్చులు ఎలా తీరతాయో బిజినెస్ ప్లాన్ ముందే చూపించాలి. ఐడియా మంచిదే, ఆచరణలో మాత్రం 2024లో ముగియాల్సిన గడువును 2027 దాకా పొడిగించారు.

రన్‌వేరాజు:
పైన చెప్పింది రోజువారీ ఖర్చు గురించి. అసలు దెబ్బ రన్‌వే దగ్గర. పదిహేను ఇరవై ఏళ్లకోసారి మళ్లీ పరవాలి, ఆ బిల్లు చిన్న సంస్థ వార్షికాదాయం కంటే పెద్దది కావచ్చు. కెనడా 1994 విధానంతో చిన్న విమానాశ్రయాలను స్థానిక సంస్థలకు అప్పగించింది, కానీ 1995 నుంచే భద్రతకు సంబంధించిన పెద్ద పనులకు కేంద్ర నిధి విడిగా పెట్టింది. నిర్వహణ మీది, రన్‌వేకు మేం సాయం చేస్తాం అన్నట్టు. నా దృష్టిలో నిజాయితీగా ఉన్న ఏర్పాటు ఇదే.

గాలిమేడ:
మరి టికెట్ మీద ఫీజు? ప్రైవేటు వాళ్లు వస్తే?

లెక్కలమాస్టారు:
ఫీజు పెద్ద ఊళ్లలో నడుస్తుంది. చిన్న చోట ఉన్నది ఒకే ఎయిర్‌లైన్ అయితే, రేటు పెంచిన మర్నాడే వాళ్లు పక్క విమానాశ్రయం పేరు ఎత్తుతారు, బేరం అక్కడే అయిపోయింది. ప్రైవేటు సంగతంటారా, స్కాట్లాండ్‌లో ప్రెస్ట్‌విక్ విమానాశ్రయం నష్టాల్లో పడితే 2013లో ప్రభుత్వమే ఒక్క పౌండుకు కొనుక్కుంది. స్పెయిన్‌లో సియుదాద్ రియాల్‌ను ప్రైవేటుగా కట్టారు, 2012లో మూతపడింది.

రన్‌వేరాజు:
ఇంకోటి, బదిలీ కాగితాల మీద సంతకం పెట్టకముందే రన్‌వే పరిస్థితి మీద బయటి ఇంజనీర్ల రిపోర్టు తీసుకోవాలి, పాత ఉద్యోగుల పెన్షన్ బాకీ ఎవరిదో రాయించుకోవాలి. చుట్టుపక్కల ఖాళీ భూమి కూడా సంస్థ పేరునే రావాలి, ఎందుకంటే గోడౌన్లు, హ్యాంగర్ల (విమానాలు నిలిపే షెడ్ల) లీజు లాంటి, విమానాల రాకపోకలతో సంబంధం లేని ఆదాయం వచ్చేది అక్కడి నుంచే. భూమి ప్రభుత్వం ఉంచుకుని నష్టం మాత్రం అప్పగిస్తానంటే తీసుకోవద్దు.