బెండింగ్ దగ్గరకి రోబో వస్తోంది. రేకు పనిలో ఉండాలా, మారాలా?

కొత్త బెండర్ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. నాకు 23 ఏళ్లు. రెండేళ్లుగా ప్రెస్ బ్రేక్ (రేకు మడిచే మెషిన్) మీద పని చేస్తున్నాను, అంతకుముందు రేకు కోసే షీరింగ్ మెషిన్ దగ్గర హెల్పర్‌ని. నేను చేరినప్పుడు కటింగ్‌లో నలుగురు ఉండేవాళ్లు. ఫైబర్ లేజర్ వచ్చాక ఒకరు మెషిన్ దగ్గర, ఒకరు ముక్కలు ఏరడానికి సరిపోయారు. ఇద్దరిని గ్రైండింగ్‌కి పంపారు, వాళ్లలో ఒకాయన నెల తిరక్కుండానే మానేశాడు.

ఇప్పుడు మా బెండింగ్‌కే రోబో సెల్ (మెషిన్, రోబో చెయ్యి కలిసి ఉండే యూనిట్) తెస్తున్నారు. ఎక్కడ పెట్టాలో నేల మీద గీతలు కూడా గీశారు. పైన ఆఫీసులో డ్రాయింగ్ ఇస్తే ఎన్ని మడతలు, ఎంత టైం అన్నది ఏఐ చెప్పేస్తోంది. దీనికి తోడు, అమెరికాలో 47 శాతం ఉద్యోగాలకి ఆటోమేషన్ ముప్పు ఎక్కువని 2013లో ఆక్స్‌ఫర్డ్ వాళ్లు లెక్క కట్టారని ఎక్కడో చదివాను. అప్పటి నుంచి ఒకటే టెన్షన్.

ప్రోగ్రామింగ్ నేర్చుకోవాలా? వెల్డింగ్‌కి మారాలా? అసలు ఈ పనే వదిలేయాలా? ఇంట్లో అందరూ మూడోదే అంటున్నారు. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

డక్ట్ ఫిట్టర్

బ్రదర్, మా డక్టింగ్‌లో (ఏసీ గాలి వెళ్లే రేకు గొట్టాల పనిలో) ఆటోమేషన్ ఎప్పుడో వచ్చేసింది. ఒక పక్క జీఐ (జింకు పూత రేకు) కాయిల్ ఎక్కిస్తే ఇంకో పక్క కోసి, అంచుల్లో గాట్లు (నాచ్) కొట్టి, ఎల్ ఆకారంలో మడిచిన ముక్క బయటికి వస్తుంది. స్ట్రెయిట్ డక్ట్ చేత్తో చేసేవాళ్లు పెద్ద వర్క్‌షాపుల్లో ఇప్పుడు లేరనే చెప్పాలి. కానీ సైట్‌కి వెళ్తే డ్రాయింగ్‌లో లేని బీమ్ అడ్డం ఉంటుంది, లేదంటే మనకన్నా ముందు వచ్చిన పైపుల వాళ్లు మన దారిలోంచే పైపు లాగేసి ఉంటారు. నిచ్చెన మీద నిలబడి కొలత తీసుకుని, అడ్డాన్ని పక్కకి తప్పించే ఆఫ్‌సెట్ ముక్క గీయించేది ఇప్పటికీ మనిషే. షాపులో ఉక్కగా ఉంటే సైట్‌కి వచ్చేయ్, ఎండ ఉంటుంది గానీ రోబో ఉండదు.

పాత మేస్త్రి

తమ్ముడూ, నేను 26 ఏళ్లుగా రేకుతోనే బతుకుతున్నాను. స్క్రైబర్‌తో గీసి, కత్తెరతో కోసి, చెక్క సుత్తితో అంచు మడిచిన రోజుల నుంచి ఉన్నాను. ఇప్పుడు రెండు రోబో సెల్స్ ఉన్న షాపులో సెట్టర్‌ని, అంటే మెషిన్‌కి టూల్స్ బిగించి సిద్ధం చేసేవాణ్ని. నిన్ను భయపెట్టను, అలాగని జో కొట్టను.

ముందు ఆ 47 శాతం సంగతి. సాంకేతికంగా మెషిన్‌తో చేయించడానికి వీలున్న ఉద్యోగాలు ఎన్ని అని వాళ్లు లెక్క వేశారు. ఫలానా ఏడాదికి అవన్నీ పోతాయని చెప్పలేదు. రోబో చెయ్యి కార్ల ఫ్యాక్టరీలోకి వచ్చింది 1961లో. ఇన్నేళ్ల తర్వాత నీ దగ్గర ఇప్పుడు గీతలు గీస్తున్నారు. కాబట్టి నిద్ర మానుకోకు.

రోబో ఏం తీసుకుపోతుందో నా కళ్లతో చూశాను. ఒకే రకం ముక్కలు అయిదు వందలు ఉంటే అవి దానివే. ఇద్దరు పట్టుకుని ఎత్తి మడవాల్సిన పెద్ద ప్యానెళ్లు కూడా దానివే. నా నడుముని అడిగితే, అది ఇంకా ముందే రావాల్సిందంటుంది. మూడు ముక్కల ఆర్డర్లు, రోజుకో మార్పు వచ్చే పనులు ఇంకా మనుషుల చేతుల్లోనే ఉన్నాయి. అవీ ఎంతకాలం ఉంటాయో గ్యారంటీ ఇవ్వను. టూల్స్ తనే మార్చుకునే ప్రెస్ బ్రేకులు వచ్చాయి, మడుస్తుండగానే కోణం కొలిచి సరిచేసుకునేవీ వచ్చాయి. స్ప్రింగ్ బ్యాక్‌ని (మడిచి వదలగానే రేకు కొద్దిగా వెనక్కి తెరుచుకోవడాన్ని) చేత్తో పట్టుకోవడం మన సొంత విద్య అనుకునేవాణ్ని. సెన్సర్ దాన్ని నాకన్నా బాగా పడుతోంది. ఒప్పుకోవడానికి నాకు కాస్త టైం పట్టింది.

మరి నేనెందుకు ఇంకా ఉన్నానంటే, పోయిన ఏడాది జరిగింది చెప్తాను. 2 ఎంఎం ఎంఎస్ (మైల్డ్ స్టీల్) రేకులో ఒక బాక్సు, నాలుగు మడతలు. రోబో ఒక షిఫ్టంతా మడిచింది. కోణాలన్నీ సరిగ్గా 90, స్క్రీన్ అంతా పచ్చగా ఉంది. తెల్లారి అసెంబ్లీలో మూత కూర్చోవడం లేదు, బాక్సు మిల్లీమీటరు పెద్దదైంది. మెషిన్ తప్పు ఏమీ లేదు. డ్రాయింగ్ 12 వీ డైకి (రేకు కింద ఉండే వీ ఆకారపు గాడి టూల్, నోరు 12 ఎంఎం) వేశారు, సెల్‌లో పెట్టింది 16 వీ. డై నోరు పెద్దదైతే మడత లోపలి రేడియస్ పెరుగుతుంది. ఎంఎస్‌కి ఆ రేడియస్ సుమారుగా వీ నోటిలో ఆరో వంతు. మడిచాక బయటి కొలతల మొత్తం కోసిన పొడవుకన్నా ఎక్కువ వస్తుంది, అందుకే ముందే కొంత తీసేసి కోస్తాం, దాన్నే డిడక్షన్ అంటారు. రేడియస్ పెరిగితే ఆ తీసివేయాల్సిన కొలత మారుతుంది. 12 మీద ఒక్కో మడతకి దాదాపు 3.5 ఎంఎం తీసేయాలి, 16 మీద దాదాపు 3.8. తేడా సుమారు 0.3 మాత్రమే. నాలుగు మడతలకి కలిపితే మిల్లీమీటరు దాకా అయింది. కోణం కొలిచే సెన్సర్‌కి ఇది తెలియదు, ఎందుకంటే కోణం బాగానే ఉంది. ముక్క చేతిలోకి తీసుకుని మడత బయటి వంపు మీద వేలు రాస్తే నాకు అర్థమైంది, అది 12 మీద వచ్చే మడత కాదని.

ఇది గొప్ప కోసం చెప్పడం లేదు. ఆ వేలికి తెలిసింది ఎక్కడ నేర్చుకున్నాను? ఒకే రకం బ్రాకెట్లు వందలకొద్దీ మడుస్తూ, వాటిలో బోలెడు పాడుచేస్తూ, తిట్లు తింటూ. ఇప్పుడు ఆ సులువు పనులే రోబోకి పోతున్నాయి. నాకు నిజంగా బెంగ ఉన్నది ఇక్కడే. సెల్ వచ్చాక మా దగ్గర ఇద్దరు కుర్రాళ్లు చేరారు, తెలివైనవాళ్లే. ముక్కలు పెడతారు, తీస్తారు, అలారం వస్తే రీసెట్ కొడతారు. కొలత తేడా వస్తే మాత్రం నన్ను పిలుస్తారు. వాళ్ల తప్పు కాదు, వాళ్లకి పాడుచేసే అవకాశమే రాలేదు. నేను రిటైర్ అయ్యాక ఎవర్ని పిలుస్తారని మా మేనేజర్‌ని అడిగాను. నవ్వాడు.

నీకు ఆ సెల్ మొదలయ్యేదాకా టైం ఉంది. షిఫ్ట్ అయ్యాక ఒక పని చెయ్యి. స్క్రాప్‌లోంచి 2 ఎంఎం ఎంఎస్ పట్టీలు సరిగ్గా 100 ఎంఎం పొడవుకి కోసుకో. ఒకటి 12 వీ మీద, ఒకటి 16 వీ మీద 90కి మడిచి, రెండు కాళ్లూ బయటి వైపు నుంచి కొలిచి కూడు. వందకి మించి ఎంత వచ్చిందో అదే ఆ డై మీద మీ షాపు లెక్క. అదే సెట్టింగ్‌లో ఎస్ఎస్ (స్టెయిన్‌లెస్ స్టీల్) ముక్క కూడా మడిచి చూడు. అన్నీ ఒక నోట్‌బుక్కులో రాసుకో.

వెల్డింగ్‌కి మారాలా అన్నావు. మారాలనుకుంటే మారు, కానీ రోబో అక్కడికీ వచ్చింది. అసలు అక్కడ మన అవసరమే ఎక్కువ. చేత్తో వెల్డింగ్ చేసేవాడు గ్యాప్ అర మిల్లీమీటరు ఉన్నా నింపుకుంటాడు. లేజర్ వెల్డింగ్ ఆ గ్యాప్‌ని క్షమించదు. బెండింగ్ తప్పితే వెల్డింగ్‌లో బయటపడుతుంది.

ప్రోగ్రామర్‌ని

పాత మేస్త్రి గారు చెప్పిన 12, 16 కథ చదివి సిగ్గుపడ్డాను, ఎందుకంటే అలాంటి తప్పు నేనూ చేశాను. నేను చదువుకుని నేరుగా కంప్యూటర్ ముందు కూర్చున్నదాన్ని. డిడక్షన్ పట్టిక నా ముందు పనిచేసినవాళ్ల దగ్గర నుంచి కాపీగా వచ్చింది. ఎవరు కొలిచారో, ఏ డై మీద కొలిచారో ఎవరికీ తెలియదు.

అడిగారు కాబట్టి చెప్తున్నాను, మీరు అనుకునే ప్రోగ్రామింగ్ కూడా పూర్తిగా క్షేమం కాదు. నెస్టింగ్‌కి (ఒక రేకులో ముక్కలన్నీ వృథా తగ్గేలా సర్దడానికి) ఒకప్పుడు నాకు గంట పట్టేది, ఇప్పుడు బటన్ నొక్కితే అయిపోతుంది. ఏ మడత ముందు, ఏది తర్వాత అన్నదీ సాఫ్ట్‌వేరే సూచిస్తోంది. కొన్నిసార్లు ముక్క వెళ్లి పంచ్‌కి (పైనుంచి ఒత్తే టూల్‌కి) తగిలే వరుస ఇస్తుంది, దాన్ని పట్టుకోవడమే నా పని. అది తెలిసేది మెషిన్ మీద చేసినవాళ్లకే. ఇద్దరిలో ఒకర్ని తీసుకోమంటే, సాఫ్ట్‌వేర్ నేర్చుకున్న బెండర్‌నే తీసుకోమంటాను. నాలాంటివాళ్లని కాదు. త్రీడీ మోడల్‌ని ఫ్లాట్ చేయడం, డీఎక్స్ఎఫ్ (డ్రాయింగ్ ఫైల్) చదవడం మూడు నెలల్లో వస్తాయి. అక్కడ మొదలుపెట్టండి.

డక్ట్ ఫిట్టర్

మేస్త్రీ, మీ మేనేజర్ నవ్వాడు సరే, జవాబు ఇచ్చాడా?

పాత మేస్త్రి

ఇవ్వలేదు. కానీ ఆ కుర్రాళ్లకి వారానికి ఒక పూట పాత ప్రెస్ బ్రేకు, రేకు తుక్కు ఇప్పించాను. మొదటి రోజే ఒకడు పంచ్ మూల విరగ్గొట్టాడు. నేనూ అలాగే మొదలయ్యాను కాబట్టి ఏమీ అనలేదు.

కొత్త బెండర్

అందరికీ థాంక్స్. మేస్త్రి గారూ, నిన్న షిఫ్ట్ అయ్యాక కూర్చున్నాను. 12 వీ మీద రెండు కాళ్లూ కలిపి 103.5 వచ్చింది, 16 వీ మీద 103.8. మూడేసి పట్టీలు మడిచాను, అన్నీ దాదాపు అంతే. అదే సెట్టింగ్‌లో ఎస్ఎస్ ముక్క 92 డిగ్రీల దగ్గర ఆగింది.

పొద్దున మా ప్రోగ్రామర్ దగ్గరికెళ్లి పట్టిక చూపించమన్నాను. 2 ఎంఎంకి ఒకే అంకె ఉంది, 3.5. డై కాలమే లేదు. నా నోట్‌బుక్ చూసి కాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత 1.5, 3 ఎంఎం పట్టీలు కూడా చేసిపెట్టగలవా అని అడిగాడు. శనివారం చేస్తానన్నాను. 3 ఎంఎంకి ఏ ఏ డైలు పెట్టి చూడాలో చెప్పండి, మా దగ్గర 20, 24 వీలు ఉన్నాయి.

పాత మేస్త్రి

మందానికి ఎనిమిది రెట్లు, అంటే 24తో మొదలుపెట్టు. తర్వాత 20. రేకు రోలింగ్ దిశ (మిల్లులో రోలర్లు దాన్ని ఒత్తిన దిశ) ఎటు ఉందో ప్రతి పట్టీ మీద గీత గీసి పెట్టుకో.