టీవీ గైడ్‌లో 'పునఃప్రసారం' అని ఎందుకు వేయరు?

ప్రశ్న:
మా అత్తయ్యగారికి చూపు బాగా తగ్గింది. రిమోట్‌లో గైడ్ నొక్కి ఈ రోజు ఏమేం వస్తాయో నేనే చదివి చెప్తాను. రాత్రి వచ్చే సీరియలే మర్నాడు మధ్యాహ్నం కూడా అదే పేరుతో కనిపిస్తుంది. కొత్త భాగమా, నిన్నటిదా అన్నది ఎక్కడా ఉండదు. ఆవిడ అన్నం కూడా తినకుండా కూర్చుని, పావుగంటకి "ఇది నిన్నటిదేనే" అంటారు. చాలా బాధేస్తుంది. పక్కన 'పు' అని ఒక్క అక్షరం వేయడానికి అడ్డం ఏంటి?

జవాబు:
సాంకేతికంగా అడ్డమేమీ లేదండీ. నేను కేబుల్ కంట్రోల్ రూమ్‌లో పనిచేశాను. ఛానల్ నుంచి పేరు, టైము, నిడివి, చిన్న వివరణ వస్తాయి. వచ్చింది వచ్చినట్టు ఎక్కించేవాళ్లం. పునఃప్రసారమని ఛానలే రాసి పంపాలి. ఎక్స్‌ఎమ్‌ఎల్‌టీవీ అనే, టీవీ కార్యక్రమాల జాబితా రాసే ఫార్మాట్‌లో 'ప్రీవియస్లీ షోన్' అని దీనికోసమే ఒక గడి ఉంది. మొదట ఎప్పుడు వచ్చిందో కూడా అందులో రాయొచ్చు.

జవాబు:
క్రికెట్‌కీ ఇదే గొడవ. పాత మ్యాచ్‌కి రెండు జట్ల పేర్లు మాత్రమే పెడతారు. 'లైవ్' అని లేకపోతే నేను రికార్డింగ్ పెట్టను. సీరియల్‌కి ఆ గుర్తు కూడా లేదు. వివరణలో ఎపిసోడ్ నంబర్ ఉందేమో చూడండి.

ప్రశ్న అడిగినవారు:
చూశాను, రోజూ అదే రెండు లైన్ల కథ ఉంది. ఛానల్‌కే రాస్తాను, కనీసం ఎపిసోడ్ తేదీ వేయమని.