అప్‌డేట్: ఇంజన్ మార్చిన జిప్సీలో ఫ్యాన్ తిరగని సమస్య తీరింది

970 సీసీ మారుతి జిప్సీకి 1.3 లీటర్ల మారుతి ఎస్టీమ్ కారు ఇంజన్ వేయించాక, ఇంజన్ వేడి చూపే సూచీ ఎర్రగీత దగ్గరికి వచ్చినా రేడియేటర్ ఎలక్ట్రిక్ ఫ్యాన్ తిరగడం లేదని అడిగాను కదా, కారణం దొరికింది. సలహాలిచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

థర్మో స్విచ్ (నీళ్లు వేడెక్కగానే ఫ్యాన్‌ను ఆన్ చేసేది) వైరు ఊడదీసి బాడీకి తాకించి చూడమన్న సలహాతోనే ముడి వీడింది. తాకించగానే ఫ్యాన్ గిర్రున తిరిగింది. అంటే ఫ్యాన్, రిలే, ఫ్యూజు అన్నీ బాగున్నట్టే. తర్వాత ఆటో ఎలక్ట్రీషియన్ మీటరు పెట్టి అసలు సంగతి చెప్పారు. మా రేడియేటర్‌కు స్విచ్ బిగించే రంధ్రం లేదు. అందుకని రేడియేటర్ గొట్టం మధ్యలో, స్విచ్ బిగించడానికి అల్యూమినియం అడాప్టర్ పెట్టించాను. దానికి రెండు వైపులా రబ్బరే! ఒకే పిన్ను ఉన్న స్విచ్‌కు మర ద్వారానే ఎర్త్ (బాడీ, ఇంజన్ లోహంతో కలిసే కనెక్షన్) అందాలి, అది ఎక్కడినుంచి వస్తుంది? అడాప్టర్ పక్కనున్న చిన్న స్క్రూ ఎందుకో నాకు అప్పుడు అర్థమైంది. దానికి ఎర్త్ వైరు కట్టి, రెండో కొస ఇంజన్‌కు బిగించారు.

ఇప్పుడు ఫ్యాన్ 92 డిగ్రీలకు మొదలై 87కు ఆగుతోంది. అంతకుముందు థర్మోస్టాట్ వాల్వు మార్పించడం, రేడియేటర్ కడిగించడం మాత్రం దండగ ఖర్చే.