పెగ్ ట్యూబు చుట్టూ చర్మం ఎర్రబడి మండుతోంది, తడి ఆగడం లేదు. ఏం రాయాలి?

కృష్ణాతీరం (ప్రశ్న)

నాన్నగారికి పక్షవాతం తర్వాత మింగడం కష్టమై పెగ్ ట్యూబు (పొట్ట మీది రంధ్రం గుండా నేరుగా కడుపులోకి ఆహారం పోసే గొట్టం) పెట్టారు. రెండు నెలలు దాటింది. 20 ఫ్రెంచ్ సైజు (ట్యూబు లావు కొలత). ట్యూబు ఊడిరాకుండా కడుపు లోపల ఆపేది బెలూన్ కాదు, మెత్తటి బంపర్ (బిళ్ళలాంటి అడ్డు) అని డిశ్చార్జి కాగితంలో ఉంది. కొన్నాళ్ళుగా రంధ్రం చుట్టూ రెండు వేళ్ళ వెడల్పున చర్మం ఎర్రగా, నిగనిగలాడుతూ ఉంది. కింది వైపు మరీ ఎక్కువ. ముట్టుకుంటే మంట అంటున్నారు. జ్వరం లేదు, చీము లేదు. ఫీడ్ పోసిన కాసేపటికి పాలలాంటి తడి బయటికి వస్తోంది. రంధ్రం అంచున కందిగింజంత ఎర్రటి కండ పెరిగింది, తుడిస్తే రక్తం అంటుతోంది.

రోజూ రెండుసార్లు బీటాడిన్‌తో తుడిచి, గాజుగుడ్డ నాలుగు మడతలు డిస్క్ (ట్యూబుని బయట చర్మం దగ్గర పట్టి ఉంచే బిళ్ళ) కింద పెడుతున్నాం. కారకుండా డిస్క్‌ని చర్మానికి అదిమి ఉంచుతున్నాం. మెడికల్ షాపులో ఒక ట్యూబు క్రీమ్ ఇచ్చారు, రెండు రోజులు తగ్గినట్టే ఉండి మళ్ళీ వచ్చింది. ఫీడ్ ఒక్కోసారి 250 మి.లీ., సిరంజితో నెట్టి పోస్తాం. మూడు నాలుగు రోజులకోసారి గాని విరేచనం కావడం లేదు. బంధువులు పసుపు అద్దమంటున్నారు. ఏం చేయమంటారు?

స్టోమా నర్సు

మీరు రాసినదాన్ని బట్టి ఇది ఇన్ఫెక్షన్ కంటే ముందు కడుపులోని ఆమ్లం చేసిన పని. జీర్ణరసం చర్మం మీద నిలిస్తే పైపొర కరిగిపోతుంది. అందుకే నిగనిగ, మంట. ఇలాంటి చోట ఎన్ని క్రీములు రాసినా కారడం ఆగకపోతే ప్రయోజనం ఉండదు. కాబట్టి రెండు పనులూ కలిపి చేయాలి: కారడానికి కారణం వెతకాలి, ఈలోపు చర్మానికీ తడికీ మధ్య ఒక పొర ఉండాలి.

ఈరోజే మార్చాల్సింది డిస్క్. దాన్ని అదిమితే కారడం ఆగదండి. డిస్క్‌కీ లోపలి బంపర్‌కీ మధ్య కడుపు గోడ నలిగి, రక్తం సరిగా అందక రంధ్రం ఇంకా వెడల్పవుతుంది. ఇంకా ముదిరితే బంపర్ మెల్లగా కడుపు గోడలోకే కూరుకుపోతుంది. డిస్క్ కింద నాలుగు మడతల గాజుగుడ్డ పెట్టినా జరిగేది అదే, బంపర్‌ని లోపలి నుంచి పైకి లాగి పట్టినట్టవుతుంది. రంధ్రం మానాక డిస్క్‌కీ చర్మానికీ మధ్య 5 మి.మీ. నుంచి 1 సెం.మీ. ఖాళీ ఉండాలి. పడుకున్నప్పుడు చూసి సరిపెట్టేయకండి. కూర్చోబెడితే పొట్ట ముందుకొచ్చి అదే డిస్క్ చర్మంలో దిగబడుతుంది. రెండు భంగిమల్లోనూ చూసి, ట్యూబు మీది సెంటీమీటర్ గీతల్లో డిస్క్ ఏ అంకె దగ్గర ఉందో గోడ క్యాలెండర్ మీద రాసి పెట్టుకోండి.

శుభ్రం చేసేటప్పుడు: చేతులు కడుక్కుని డిస్క్‌ని ట్యూబు మీద పైకి జరపండి. గోరువెచ్చని నీళ్ళు, వాసన లేని తేలికపాటి సబ్బు చాలు. గాజుగుడ్డ తడిపి రంధ్రం దగ్గర మొదలుపెట్టి బయటికి తుడవండి, ప్రతి తుడుపుకీ కొత్త ముక్క. ఎండిన చెక్కు ఉంటే గోకకండి, తడిగుడ్డ రెండు మూడు నిమిషాలు ఉంచితే అదే నానుతుంది. డిస్క్ అడుగున పాచిలా పేరుకుంటుంది, దాన్ని ఇయర్ బడ్‌తో తీయాలి. తర్వాత సబ్బు పోయేలా తుడిచి, అద్ది ఆరబెట్టండి. తడి మిగిలితే మీరు చేసినదంతా వృథా.

ట్యూబుని 2–3 సెం.మీ. లోపలికి నెట్టి, ఒక పూర్తి చుట్టు తిప్పి, మెత్తగా అడ్డు తగిలేదాకా వెనక్కి లాగి, డిస్క్‌ని క్యాలెండర్ మీద రాసుకున్న అంకెకే జరపండి. తిప్పడం రోజూ, లోపలికి నెట్టడం కనీసం వారానికోసారి. ఇది మీ నాన్నగారి రకం ట్యూబుకే. కొస చిన్నపేగులోకి వెళ్ళే పెగ్-జె రకాన్ని ఎప్పుడూ తిప్పకూడదు, మెలిపడుతుంది. కొత్తగా పెట్టిన ట్యూబుకైతే ఇవన్నీ ఎప్పుడు మొదలుపెట్టాలో పెట్టిన డాక్టరే చెప్పాలి.

బీటాడిన్ ఆపేయండి. స్పిరిట్, హైడ్రోజన్ పెరాక్సైడ్, డెటాల్ కూడా వద్దు. మానడానికి వస్తున్న కొత్త కణాలను అవే చంపుతాయి. పసుపు వేస్తే ఎర్రదనం కనపడకుండా పోతుంది, రేణువులు రంధ్రంలో చేరతాయి. కొబ్బరినూనె, టాల్కం పౌడర్ కూడా అక్కడికి పనికిరావు.

పొరకి రెండు దారులున్నాయి. చర్మం పొడిగా, ఎర్రగా ఉంటే జింక్ ఆక్సైడ్ ఉన్న డైపర్ ర్యాష్ క్రీము కనిపించేంత మందంగా రాయండి. మార్చేటప్పుడు పైన మురికైన భాగం మటుకు తీసి, దానిమీదే కొత్తది రాయాలి. ప్రతిసారీ మొత్తం గీకి తీస్తే చర్మం కూడా దాంతో లేచొస్తుంది. చర్మం చెమర్చి, రసి ఊరుతూ ఉంటే క్రీము అంటదు. అప్పుడు స్టోమా పౌడర్ (రంధ్రం చుట్టూ తడిని పీల్చే పొడి) పలచగా చల్లి, ఎక్కువైంది దులిపి, మీద మంట పుట్టని రకం బ్యారియర్ ఫిల్మ్ స్ప్రే (ఆరాక చర్మం మీద పలచటి పొరలా నిలిచేది) కొట్టి పూర్తిగా ఆరనివ్వండి. రెండు దారులూ ఒకేసారి కలపకండి, క్రీము మీద ఫిల్మ్ నిలవదు. ఏది రాసినా ట్యూబుకీ డిస్క్‌కీ అంటనీయకండి. నూనె గుణం ఉన్నవి కొన్ని రకాల ట్యూబుల్ని పాడుచేస్తాయి, పైగా డిస్క్ జారిపోతుంది.

గాజుగుడ్డ తడిని పీల్చి చర్మం మీదే ఉంచుతుంది. దాని బదులు మధ్యలో చీలిక ఉన్న పలచటి ఫోమ్ డ్రెస్సింగ్ అడగండి, అది తడిని పైకి లాగేస్తుంది. ఒకే పొర, తడవగానే మార్చాలి. కారడం తగ్గాక అదీ అక్కర్లేదు, గాలి తగలనివ్వండి.

జీర్ణకోశ విభాగం డాక్టర్

పైన చెప్పినదంతా సరిగ్గా ఉంది. కారడానికి కారణాల సంగతి నేను చెబుతాను.

మీ ప్రశ్నలోనే మూడు కనిపిస్తున్నాయి: మలబద్ధకం, ఫీడ్‌ని నెట్టి పోయడం, కింది వైపే ఎక్కువ ఎర్రదనం. విరేచనం కాక, గ్యాస్ నిండి పొట్టలో ఒత్తిడి పెరిగితే కడుపులో ఉన్నది తేలికైన దారి వెతుక్కుంటుంది, ఆ దారి ట్యూబు పక్కనే. ఎక్కువ దగ్గు ఉన్నా అంతే. మలబద్ధకానికి మందు మీ డాక్టరుని అడిగి మొదలుపెట్టండి, రోజు మొత్తం నీళ్ళు ఎన్ని పోస్తున్నారో కూడా ఆయనకి చెప్పండి.

కారుతోంది కదా అని ఇంకా లావు ట్యూబు వేయమని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. రంధ్రం ఆ సైజుకి సాగుతుంది, కొన్నాళ్ళకి దాని పక్కనుంచి కూడా కారుతుంది. ఆమ్లం తగ్గించే మందు చాలామందికి ఉపయోగపడుతుంది. కానీ పాంటోప్రజోల్ లాంటి పూత ఉన్న బిళ్ళలు నూరి ట్యూబులో పోయకూడదు. పూత పోతే మందు కడుపులోనే పాడవుతుంది, ముక్కలు ట్యూబుని మూసేస్తాయి. నీళ్ళలో కలిపే సాషే రకం రాయించుకోండి.

షాపులో ఇచ్చిన క్రీము పేరు చెప్పలేదు. మన దగ్గర చీటీ లేకుండా ఇచ్చే చాలా క్రీముల్లో స్టీరాయిడ్, యాంటీబయోటిక్, ఫంగస్ మందు మూడూ కలిసి ఉంటాయి. స్టీరాయిడ్ వల్ల రెండు రోజులు ఎర్రదనం తగ్గుతుంది, లోపల ఫంగస్ ఉంటే హాయిగా పెరుగుతుంది, చర్మం పలచబడుతుంది. డబ్బా మీద క్లోబెటసాల్, బీటామెథసోన్ అని ఉంటే ఆపేయండి. నియోమైసిన్ ఉన్న పౌడర్లు కూడా ఊరికే చల్లొద్దు, దానికి ఎలర్జీ వచ్చేవాళ్ళు తక్కువేం కాదు.

ఎర్రదనం అంచు వెంట పెన్నుతో గీత గీయండి. మర్నాటికి గీత దాటితే, చర్మం వేడిగా గట్టిపడితే, చీము గాని దుర్వాసన గాని వస్తే, 100.4 డిగ్రీల జ్వరం దాటితే ఆసుపత్రికి వెళ్ళాలి. ఫీడ్ పోస్తుంటే తీవ్రమైన నొప్పి వచ్చినా, పొట్ట బల్లలా గట్టిపడినా ఫీడ్ ఆపి వెంటనే వెళ్ళండి.

ఒకటి మీరు తప్పక చూసి చెప్పాలి: ట్యూబు లోపలికి వెళ్తోందా? ఇన్నాళ్ళు డిస్క్ అదిమి ఉంచారు కాబట్టి అడుగుతున్నాను. కదలకపోతే బలవంతం చేయకండి, ఫీడ్ కూడా పోయకండి. బంపర్ కూరుకుపోయిందేమో ఎండోస్కోపీలో చూడాలి.

కృష్ణాతీరం

చాలా థ్యాంక్స్ అండి. డిస్క్ వదులు చేశాం. ట్యూబు సులువుగా 2 సెం.మీ. లోపలికి వెళ్ళింది, తిరుగుతోంది. క్రీము మీద బీటామెథసోన్ అనే ఉంది, ఆపేశాం. వదులు చేశాక ఈరోజు తడి కొంచెం ఎక్కువే వచ్చింది, అది మామూలేనా? కందిగింజంత కండ సంగతి ఏంటి? కింది వైపే ఎందుకు ఎక్కువ?

ఇంటి నర్సింగ్

ఒకటి రెండు రోజులు తడి ఎక్కువ కనిపించవచ్చు. ఒత్తిడి తగ్గితే రంధ్రం తన సైజుకి వస్తుంది, అందుకే మళ్ళీ బిగించకండి. తడి రోజురోజుకీ పెరుగుతుంటే మటుకు చూపించాలి.

కింది వైపు గురించి: నాన్నగారు లుంగీ కడతారా? పడుకోబెట్టినా, కూర్చోబెట్టినా చాలా ఇళ్ళలో ట్యూబు కొసను లుంగీ ముడిలో దోపుతారు. బరువంతా కిందికి లాగి ట్యూబు వంగుతుంది, రంధ్రం గుండ్రంగా కాక కిందికి సాగి కోలగా అవుతుంది, ఆ సందులోంచి కారుతుంది. ట్యూబు చర్మం నుంచి నిటారుగా లేవాలి. అక్కడినుంచి ఒక చిన్న వంపు ఇచ్చి, కొసను రంధ్రానికి కాస్త ఎడంగా పొట్ట మీద మెత్తటి పేపర్ టేపుతో అతికించండి. ఒకరోజు కుడి, ఒకరోజు ఎడమ, ఒకరోజు పైకి. టేపు అతికించే చోటు కూడా మారుతుండాలి, లేకపోతే అక్కడ చర్మం లేస్తుంది. లుంగీ ముడి బొడ్డు కిందికి కట్టండి.

ఇక ఫీడ్. సిరంజి పిస్టన్ తీసేయండి. 50 లేదా 60 మి.లీ. సిరంజి గొట్టాన్ని ట్యూబుకి పెట్టి, పొట్టకి ఒక జానెడు ఎత్తులో పట్టుకుంటే దానంతటదే దిగుతుంది. 250 మి.లీ.కి 20 నుంచి 30 నిమిషాలు పట్టాలి. త్వరగా దిగుతుంటే చేయి దించండి, ఆగితే కొంచెం ఎత్తండి. తల వైపు 30–45 డిగ్రీలు లేపి ఉంచాలి, ఫీడ్ అయ్యాక కూడా గంటసేపు అలాగే. మొదలుపెట్టే ముందు ఖాళీ సిరంజి గొట్టం పెట్టి క్లాంప్ (ట్యూబుని నొక్కి మూసే క్లిప్పు) తెరిచి ఐదు నిమిషాలు ఉంచితే గ్యాస్ పోతుంది. ముందు 30 మి.లీ., తర్వాత 30 మి.లీ. నీళ్ళు. రాగిజావ, పప్పుకట్టు పోస్తుంటే సన్నటి జాలీలో రెండుసార్లు వడకట్టండి. జావ చల్లారేకొద్దీ చిక్కబడి ట్యూబుకి పట్టేస్తుంది, దారి మూసుకుంటే మళ్ళీ నెట్టాలనిపిస్తుంది. అప్పటికీ కారితే ఒక్కోసారి 150 మి.లీ.కి తగ్గించి, ఎక్కువసార్లు పోయండి. రోజు మొత్తం తగ్గకూడదు, డైటీషియన్‌తో లెక్క సరిచూసుకోండి.

స్టోమా నర్సు

ఆ కండని దుర్మాంసం అంటారు. ట్యూబు అటూఇటూ ఒరుసుకుంటూ, తడి నిలుస్తూ ఉంటే మానే కండ అవసరానికి మించి పెరుగుతుంది. తడిగా, ఎర్రగా, ముట్టుకుంటే రక్తం వచ్చేలా ఉంటుంది. అదొక్కటే ఉంటే ఇన్ఫెక్షన్ అని యాంటీబయోటిక్ వేయక్కర్లేదు. కందిగింజంత అన్నారు కాబట్టి ముందు ఉప్పునీటి కాపడంతో చూడండి. గాజుగుడ్డని గోరువెచ్చని సెలైన్‌లో ముంచి పది నిమిషాలు, రోజుకి మూడు నాలుగుసార్లు, తర్వాత బాగా ఆరబెట్టాలి. మెడికల్ షాపులో 100 మి.లీ. ఎన్.ఎస్. (నార్మల్ సెలైన్) బాటిల్ దొరుకుతుంది, తెరిచిన 24 గంటల్లో పారేయండి. ఇంట్లో చేస్తే అర లీటరు మరగకాచిన నీటికి టీ చెంచాకి కొంచెం తక్కువ ఉప్పు, ఏరోజుకారోజు.

తగ్గకపోయినా, పెరిగినా డాక్టరు సిల్వర్ నైట్రేట్ పుల్లతో కాలుస్తారు. చుట్టూ వాజలిన్ రాసి, కండకి మాత్రమే తాకించాలి. మంచి చర్మానికి అంటితే అదీ కాలుతుంది, అందుకే ఇంట్లో వద్దు. కాల్చిన చోట బూడిద రంగులోకి, నల్లగా మారుతుంది, కంగారు పడకండి. కొందరికి ఆ కండ మీద మాత్రమే కొద్దిరోజులు స్టీరాయిడ్ క్రీము రాయమంటారు. మీరు వాడిన షాపు క్రీముకీ దీనికీ తేడా అదే: చోటు, గడువు రెండూ డాక్టరు చెప్పినవి. ట్యూబు ఒరుసుకోవడం ఆగకపోతే ఎలా తీసినా మళ్ళీ వస్తుంది.

ఫంగస్ మీద కూడా కన్నేయండి, ఎండాకాలం చెమటకి, షుగర్ ఉన్నవాళ్ళకి, యాంటీబయోటిక్ వాడినవాళ్ళకి త్వరగా పడుతుంది. ఎర్రటి మచ్చకి కాస్త దూరంలో విడివిడిగా చిన్న ఎర్రటి పొక్కులు, మంట కంటే దురద ఎక్కువ ఉంటే అదే అనుకోండి. డాక్టరుకి చూపించి, వేరే ఏమీ కలవని క్లోట్రిమజోల్ 1 శాతం రోజుకి రెండుసార్లు, సుమారు రెండు వారాలు. తడి ఎక్కువుంటే పౌడర్ రకం మేలు. ఎర్రదనం పోగానే ఆపేస్తే తిరిగొస్తుంది.

కృష్ణాతీరం

లుంగీ ముడిలోనే దోపుతున్నామండి. మార్చేశాం. చివరిగా, స్నానం చేయించవచ్చా? ట్యూబు ఊడిపోతే ఏం చేయాలి?

జీర్ణకోశ విభాగం డాక్టర్

రంధ్రం మానింది కాబట్టి స్నానం చేయించండి. క్లాంప్ వేసి, మూత గట్టిగా ఉందో లేదో చూసి, మగ్గుతో నీళ్ళు పోయవచ్చు. తర్వాత డిస్క్ అడుగున ఆరబెట్టడం మరవకండి.

ఊడితే రంధ్రం మీద శుభ్రమైన గాజుగుడ్డ పెట్టి, ఊడిన ట్యూబు వెంట తీసుకుని నేరుగా ఆసుపత్రికి వెళ్ళండి. కొన్ని గంటల్లోనే దారి మూసుకుపోవడం మొదలవుతుంది, రాత్రి ఊడిందని తెల్లారేదాకా ఆగొద్దు. ఊడిన ట్యూబుని మీరే తిరిగి దూర్చకండి. అక్కడ కొత్తది పెట్టాక అది కడుపులోనే ఉందని నిర్ధారించిన తర్వాతే ఫీడ్ మొదలుపెట్టాలి, అనుమానం ఉంటే రంగుమందు పోసి ఎక్స్‌రే తీస్తారు. డిశ్చార్జి కాగితం ఫొటో తీసి ఫోన్‌లో పెట్టుకోండి. సైజు, రకం, పెట్టిన తేదీ, డిస్క్ అంకె, ఈ నాలుగే అక్కడ మొదట అడుగుతారు.