ఆదివారం కరిగే హృదయం సోమవారానికి ఎందుకు మూసుకుపోతుంది?

ప్రశ్న – ఒక సహోదరి, చిత్తూరు

అందరికీ ప్రభువు నామమున వందనములు. నేను ప్రతిరోజూ చిత్తూరు నుండి తిరుపతికి బస్సులో వెళ్లి, ఒక కార్యాలయంలో లెక్కలు చూస్తాను. తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి, వంట ముగించి, పిల్లలకు క్యారియర్లు కట్టి ఏడు గంటల బస్సు అందుకునేసరికి నా ప్రార్థన రెండు మాటలకు మించడం లేదు. ఆదివారం ఆరాధనలో కన్నీళ్లు ఆగవు, దేవుడు పక్కనే ఉన్నట్టు ఉంటుంది. సోమవారం బస్సు చంద్రగిరి చేరేసరికే అదంతా ఏమైపోయిందో తెలియదు. హృదయం తెరచి ఆయన సన్నిధిలో గడపమని సంఘ పెద్దలు చెబుతారు. ఆ మాటను నమ్ముతున్నాను. అయితే తీరిక లేని మనిషి దానిని ఎలా ఆచరించాలో దయచేసి తెలుపగలరు.

జవాబు – విశ్రాంత ఉపాధ్యాయుడు, తిరుపతి

అమ్మా, "ఇదిగో నేను తలుపునొద్ద నిలుచుండి తట్టుచున్నాను" అనే ప్రకటన 3:20 వచనాన్ని మనం ప్రభువును ఎరుగనివారి కోసమే చెబుతుంటాము గాని, అది లవొదికయ సంఘానికి, అనగా అప్పటికే ఆయనను నమ్మినవారికి వ్రాయబడింది. తలుపు తీసినవానితో ఆయన చేస్తానన్నది కూడా భోజనమే. కాబట్టి మీ వంటింటిని ఆయన సన్నిధికి అడ్డుగా తలచవద్దు. లూకా 10వ అధ్యాయంలో, తన ఇంటికి వచ్చిన ప్రభువుకు ఉపచారం చేసే పనుల్లో మునిగిపోయిన మార్తకు ఆయన చెప్పినది ఆమె విచారాన్ని, తొందరను గురించే; యోహాను 12వ అధ్యాయంలో ఆమె మరల ఉపచారం చేస్తూనే కనబడుతుంది, అక్కడ గద్దింపు లేదు.

నాకు మరింత ధైర్యమిచ్చేది అపొస్తలుల కార్యములు 16:14. లూదియ ఊదారంగు పొడి అమ్ముకునే వ్యాపారస్థురాలు, మీవలె పనిచేసుకునే స్త్రీ. ఆమె హృదయాన్ని తెరచినవాడు ప్రభువే అని అక్కడ ఉంది. ఆమె చేసినదల్లా ఏటిదరికి వచ్చి అపొస్తలుడైన పౌలు మాటలు వినడం. హృదయం తెరవడం మన బలంతో చేయవలసిన పని అనుకొని నేను చాలా ఏళ్లు అలసిపోయాను. వినే చోట కూర్చోవడమే మన వంతు అని ఆలస్యంగా గ్రహించాను.

జవాబు – స్టాఫ్ నర్సు, తిరుపతి

అక్కా, నాకు నెలలో సగం రాత్రి డ్యూటీలే. రాజు అడిగిన ప్రశ్నకు, తాను చెప్పిన జవాబుకు నడుమనే, ఆ రాజుకు గిన్నె అందించే సేవకుడైన నెహెమ్యా ప్రార్థన చేశాడని నెహెమ్యా 2:4 చదివినప్పుడు నాకు దారి దొరికింది. ఒక్కొక్క మంచం దగ్గరికి వెళ్లేముందు చేతులు కడుక్కుంటాము గదా, ఆ కొద్ది క్షణాల్లో ఆ రోగి పేరు ప్రభువుతో చెబుతాను. రోగికి అది తెలియదు, తెలియనవసరం లేదు. అయితే ఆ పేరు పలికాక నేను సెలైన్ సూది పెట్టే తీరు మారుతుంది, విసుగు తగ్గుతుంది.

ఒక మాట మాత్రం దాచను. మా నాన్నగారు పోయిన ఏడాది నాకు ఏ అనుభూతీ కలుగలేదు. చీకటిని గురించిన మాటతోనే ముగిసే 88వ కీర్తనను అప్పుడు పదే పదే చదివాను. ఆ చీకటిలో కూడా కీర్తనకారుడు దేవునితోనే మాట్లాడుతున్నాడు. సన్నిధిని కన్నీళ్లతో కొలవకండి అక్కా.

జవాబు – ఒక సహోదరుడు, చిత్తూరు

మామిడితోట గట్టు విషయంలో మా అన్నతో రెండేళ్లు మాటలు లేకుండా గడిపాను. ఆ రెండేళ్లూ ప్రార్థన మానలేదు, కానీ మనసులో ఒక గది తాళం వేసే ఉండేది. మత్తయి 5:23, 24 ప్రకారం ముందుగా వెళ్లి సమాధానపడిన తరువాతనే నోరారా ప్రార్థించగలిగాను. అటువంటిది మీకు లేకపోతే ఈ మాట వదిలేయండి.

ప్రశ్న అడిగిన సహోదరి

అందరికీ కృతజ్ఞతలు. లూదియ "వినుచుండెను" అన్న మాట దగ్గరే ఆగిపోయాను. నా ప్రార్థనలో అడగడమే ఉంది, వినడం లేదు. రేపటి నుండి బస్సు పూతలపట్టు దాటేవరకు ఫోను సంచిలోనే ఉంచి, ఒక కీర్తన చదువుకొని మౌనంగా కూర్చుంటాను. 139వ కీర్తనతో మొదలుపెడతాను. చెల్లీ, మీ నాన్నగారి సంగతి చదివి మనసు బరువెక్కింది. క్యారియర్లు కట్టే వేళకు మీరు ఇంకా రాత్రి డ్యూటీలోనే ఉంటారు గదా, అప్పుడు మీ పేరు ప్రభువుతో చెబుతాను.